స్పిరిట్ దూదితో నేను చంపిన టీకా

నా సర్వీసు పుస్తకంలో నన్ను మెచ్చుకున్న కాగితాలు మూడున్నాయి. మూడూ నా శుభ్రత గురించే. పరికరాల శుభ్రతలో తోటి సిబ్బందికి ఆదర్శమని ఒక పెద్ద సారు సంతకం పెట్టి మరీ రాశాడు. ఆ శుభ్రతతోనే నేను జైనూర్ గుట్టల్లో ఒక గూడెం మేకలను సగానికి పైగా పోగొట్టాను. దాని గురించిన కాగితం కూడా అదే పుస్తకంలో ఉంది. అది నేనే అంటించుకున్నది.

పశువుల దవాఖానల్లో లైవ్‌స్టాక్ అసిస్టెంటుగా ముప్పై మూడేళ్లు చేసి, ఇప్పుడు కరీంనగర్‌లో మోకాళ్ల నొప్పులతో కాలక్షేపం చేస్తున్నాను. కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు అప్పుడప్పుడు వచ్చి మీ సర్వీసులో పెద్ద గెలుపు ఏదని అడుగుతుంటారు. చెబుతాను. కానీ నా గెలుపు నా తప్పులోంచే మొలిచింది కాబట్టి తప్పు దగ్గర్నుంచే వినాలి. నడుమ ఫోన్లు చూసుకునేవాళ్లు ఇప్పుడే చాయ్ తాగి వెళ్లిపోవచ్చు.

మాది సిరిసిల్ల వైపు నేత కుటుంబం. బాపు మరమగ్గాల షెడ్డులో పని చేసేవాడు, అవ్వ ఇంట్లో కండెలు చుట్టేది. బట్ట మీద వేలెడంత నూనె మరక పడినా ఆ రోజు కూలి పోయినట్టే. అందుకని చేతులు కడుక్కోకుండా మా ఇంట్లో ఎవరూ ఏదీ ముట్టేవాళ్లు కాదు. ఆ అలవాటు నాతో పాటు ఉద్యోగానికి వచ్చింది. సిరంజి పొద్దున ఉడకబెట్టడం అందరూ చేసేదే. నేను దాని మీద ఇంకో మెట్టు ఎక్కేవాణ్ని. మందు నింపే ప్రతిసారీ ముందు సిరంజిలోకి స్పిరిట్ పీల్చి, గిలకరించి, బయటకు చిమ్మి, ఆ తర్వాతే మందు నింపేవాణ్ని. సూదిని స్పిరిట్ దూదితో తుడిచేవాణ్ని, మేక చర్మాన్నీ తుడిచేవాణ్ని. నేను వస్తున్నానంటే నాకంటే ముందు స్పిరిట్ వాసన వస్తుందని మా అటెండర్ వెక్కిరించేవాడు. నేను దాన్ని పొగడ్త కింద జమ కట్టుకునేవాణ్ని.

తెలంగాణ రాష్ట్రం వచ్చిన కొత్తలో నన్ను జైనూర్ వైపు వేశారు. అక్కడ గుట్ట మీద ఒక గోండు గూడెం. ఊరి పెద్దను పటేల్ అంటారు. ఆయన మాట దాటి అక్కడ ఆకు కూడా కదలదు. ఆ చలికాలం గూడెంలోని మేకలన్నిటికీ పీపీఆర్ టీకా వేశాను. పీపీఆర్ అంటే మన వైపు పారుడు రోగం అనేదే. జ్వరంతో మొదలై, ముక్కు కారి, నోరంతా పుండ్లు పడి, ఆఖరికి పారుడు పట్టుకుని మేక వారం తిరక్కుండా పోతుంది. టీకా వేస్తే మూడేళ్లు ఫికర్ లేదని పటేల్‌కు గట్టిగా మాటిచ్చి వచ్చాను.

వానలు మొదలవగానే రోగం వచ్చింది. నేను పోయేసరికి గూడెం చివర గోతులు తవ్వుతున్నారు. అందరికంటే ఎక్కువ పోయింది ఒక ముసలామెకు. ఊరంతా ఆమెను బాయి అనే పిలిచేది. భర్త పోయాడు. గుట్ట వాలులో ఇంత జొన్న, ఇంత పత్తి చేను. ఏటా విత్తనాలకని రెండు మేకలను అంగడికి తోలి, ఆ చేను మీద ఎవరి దగ్గరా చేయి చాపకుండా బతికే మనిషి. పదకొండు మేకలుండేవి. ఒక్కటీ మిగల్లేదు. ఆ ఏడు ఆమె చేను బీడు పడింది. వేరేవాళ్ల చేలల్లో కలుపు కూలికి పోయింది. నన్ను చూసి తిట్టలేదు. తిడితే బాగుండేది.

గూడెంవాళ్లు సర్కారు మందులో నీళ్లు కలిపారన్నారు. నేను వాళ్లతో కొట్లాడాను. కరెంటు పోయి ఫ్రిజ్‌లో టీకా చెడిపోయిందన్నాను. ఐసు డబ్బా మూత అటెండర్ సరిగా పెట్టలేదన్నాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టు అందరినీ అని, కరెంటు కోతల వల్ల టీకా శక్తి కోల్పోయినదని నివేదిక రాసి పైకి పంపేశాను. నా చేతులు శుభ్రంగా ఉన్నాయని నాకు గట్టి నమ్మకం మరి.

ఆ వానాకాలం చివర్లో మా దవాఖానకు కొత్త డాక్టర్ వచ్చింది. కాలేజీ నుంచి నేరుగా వచ్చిన అమ్మాయి, నా బిడ్డ కంటే చిన్నది. నన్ను సార్ అనేది, నేను మేడం అనేవాణ్ని. ఎవరు ఎవరికి పై అధికారో తెలియక వచ్చిన రైతులు పరేషాన్ అయ్యేవాళ్లు. ఒకరోజు పక్క ఊళ్లో టీకాలు వేయడానికి ఇద్దరం కలిసి వెళ్లాం. ఆమె చెట్టు కింద నిలబడి నా పని చూస్తూ ఉంది. నేను మామూలుగా స్పిరిట్ పీల్చి, చిమ్మి, టీకా నింపాను. ఆమె దగ్గరికొచ్చి సిరంజి అడిగి తీసుకుని, వాసన చూసి, నా ముక్కు దగ్గర పెట్టింది.

"స్పిరిట్ మేడం" అన్నాను గర్వంగా.

"సార్, మరి దీంట్ల ఇప్పుడు టీకా ఉన్నదా, టీకా శవం ఉన్నదా?"

నాకు అర్థం కాలేదు. ఆమె టీకా డబ్బా అట్ట తిప్పి దాని మీద పెన్నుతో గుండ్రంగా ఒక జీవకణం గీసింది. దాని పక్కన చుక్కంత వైరస్. దీనికి నోరు లేదు, కడుపు లేదు, తనంతట తాను పిల్లను కనలేదు అని చెప్పింది. బయట ఉన్నంతసేపు అది రాయి రప్ప లాంటిదే. జీవకణం గోడకు అతుక్కుని, తన తయారీ రహస్యం రాసి ఉన్న పోగును లోపలికి జారవిడుస్తుంది. పాపం ఆ కణం అది తన యజమాని రాసిందే అనుకుని చదివి, తన పని ఆపేసుకుని తన సరుకుతోనే వైరస్ ముక్కలు తయారు చేస్తుంది. ముక్కలు వాటంతట అవే అతుక్కుని వేల వైరస్‌లవుతాయి. బయటికొచ్చి పక్క కణాల మీద పడతాయి. మొదటి కణం చచ్చిపోతుంది. మేకలో అవి పేగు గోడల్లో అలా పెరుగుతాయి కాబట్టే పారుడు.

టీకాలో ఉన్నదీ ఆ వైరస్సే, కాకపోతే కోరలు పీకినది. అదీ లోపలికి పోయి, కణంలో దూరి, కొంచెం కొంచెంగా పెరగాలి. అది పెరిగితేనే మేక ఒళ్లు దాన్ని గుర్తుపట్టి, అసలు రోగం వచ్చినప్పుడు తిరగబడుతుంది. మనం ఎక్కించే చుక్కలో ఉన్నది బహు కొంచెం. పెరుగుతుందన్న భరోసాతోనే అంత కొంచెం పెడతారు. నేనేమో దాన్ని సిరంజిలోనే స్పిరిట్‌లో ముంచి చంపి, చచ్చినదాన్ని ఎంతో భద్రంగా మేకకు ఎక్కించాను.

అయినా ఊరుకోలేదు. ఇరవై ఏళ్లుగా గొంతువాపుకు, జబ్బవాపుకు ఇట్లనే వేస్తున్నాను, ఎప్పుడూ తప్పలేదు కదా అన్నాను. ఆమె నవ్వలేదు. అవి ముందే చంపి నింపిన సూక్ష్మక్రిముల టీకాలనీ, ఒంటికి సరిపడా మొత్తం ముందే పోసి ఉంటారనీ, చచ్చినదాన్ని స్పిరిట్ కొత్తగా చంపేదేమీ లేదనీ నెమ్మదిగా చెప్పింది. పీపీఆర్ మాత్రం బతికున్న టీకా అని ట్రైనింగ్‌లో చెప్పే ఉంటారు. ఆ రోజు నేను వెనక వరసలో కూర్చుని నిద్రపోయి ఉంటాను.

రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు. మూడో రోజు సెలవు పెట్టి మా ఊరికి పోయాను. తమ్ముడు నడిపే మరమగ్గాల షెడ్డులో చెవులు పగిలే మోతలో కూర్చున్నాను. మగ్గానికి బట్ట ఎవరిదో తెలియదు. ఏ నమూనా కట్టి మోటారు వేస్తే ఆ బట్టే నేస్తుంది. మగ్గం లేనివాడు, నూలు లేనివాడు, ఒక్క నమూనా మాత్రం జేబులో పెట్టుకొచ్చి మన షెడ్డులో మన నూలుతో తన బట్ట నేయించుకుంటే అదీ వైరస్ పని. ఆ నమూనాను నేను గుమ్మంలోనే తడిపి చించేశాను, ఇక మగ్గం ఏం నేస్తుంది? అట్ట మీద గీసినప్పుడు తలకెక్కనిది షెడ్డులో ఎక్కింది. ఎక్కగానే పదకొండు మేకలు గుర్తొచ్చాయి. సిగ్గుతో అక్కడే ఏడ్చాను. మగ్గాల మోతలో ఎవరికీ వినబడలేదు.

తిరిగొచ్చి డాక్టరమ్మకు నా తప్పు ఒప్పుకున్నాను. గూడెంలో ఇంకా కొన్ని మేకలు మిగిలే ఉన్నాయి. రోగం తగిలి కోలుకున్నవాటికి ఫికర్ లేదు. తగలనివి, ఆ తర్వాత కొన్నవి, కొత్తగా పుట్టి పెరిగినవి ఉన్నాయి. మళ్లీ రోగం వచ్చేలోపు వాటికి టీకా పడాలి. మామూలుగా అయితే గూడెం మమ్మల్ని పొలిమేర దాటనివ్వదు. కొత్త మందు వచ్చిందని చెప్పి వేసేద్దామని మా అటెండర్ ఉపాయం చెప్పాడు. నేను వద్దన్నాను. ఉన్నదే చెబుదామన్నాను. నేను మంచివాణ్నని కాదు, ఇంకో అబద్ధం మోసే ఓపిక లేక.

పటేల్ ఇంటి ముందు ఊరంతా కూర్చుంది. రామ్ రామ్ అయ్యాక నిలబడి చెప్పాను. మీ మేకలు కరెంటు వల్ల చావలేదు, నా చేతి వల్ల చచ్చాయి అని. ఒకాయన, మందు నీళ్లని మేమన్నప్పుడు మా మీదికి వచ్చావు కదా అన్నాడు. నిజమే అన్నాను. బాయి అప్పటిదాకా గోడకానుకుని వింటూ ఉంది. ఎట్లా చంపావో అర్థమయ్యేటట్టు చెప్పమంది. ఆ గూడెంలో మగ్గాలు లేవు, నా పోలిక పనికిరాదు. తడుముకుంటూ వైరస్ సంగతి చెబుతూ పోయాను. ఆమె నడుమ ఆపింది.

"మా ఇంట్ల జొరబడి, మా జొన్నలే దంచుకొని, మా పొయ్యి మీదనే వండుకొని, బలగాన్ని పెంచుకొని, ఆఖరికి ఇల్లు కూలగొట్టి పోయే చుట్టమన్నట్టు."

అవునన్నాను. నేను నెలరోజులుగా వెతుకుతున్న మాట ఆమెకు నిమిషంలో దొరికింది. టీకా అంటే అదే వంశంలో ముసలి చుట్టమనీ, వచ్చి నాలుగు రోజులుండి తింటేనే ఆ వంశం మొహం గుర్తుంటుందనీ మిగతాది వాళ్లే నవ్వుతూ పూర్తి చేశారు. పటేల్ మాత్రం నవ్వలేదు.

"మాట మంచిగున్నది. నీ మాట మీద నీకు నమ్మకముంటే, నీ మేకలు మా మందల కలుపు. సస్తే అందరియి సస్తయి, బతికితే అందరియి బతుకుతయి."

నాకు మేకలెక్కడివి? సైకిల్ మోటారు ఒకటి, లుంగీలు నాలుగు. కానీ పటేల్ అడిగింది న్యాయమే. వారం లోపల రోగం లేని ఊరి నుంచి మూడు ఆడమేకలు కొని తెచ్చాను. మేపేదెవరని అడిగితే గూడెమంతా బాయి వైపు చూసింది. ఆమె ఊరికే తీసుకోనంది. పాలుకు అయితే మేపుతానంది. పాలు అంటే మన పల్లెల్లో ఉన్న పద్ధతే. మేకలు ఒకరివి, మేపు ఒకరిది, పుట్టిన పిల్లలు చెరి సగం. ఒప్పుకున్నాను. అంటే ఇక ఆమె విత్తనాలు, నా పరువు ఒకే దొడ్డిలో ఉన్నాయన్నమాట.

టీకా రోజున సిరంజిలు బాయి పొయ్యి మీదే ఉడికాయి. ఉడికాక వేడిగా ఉన్నప్పుడు నింపినా టీకా చస్తుందని డాక్టరమ్మ చెప్పడంతో, పూర్తిగా చల్లారేదాకా వాటి పక్కన పీట వేసుకుని బాయి కాపలా కూర్చుంది. స్పిరిట్ సీసాను దవాఖానలోనే వదిలి రమ్మని నన్ను ముందే హెచ్చరించింది. అంతటితో ఆగలేదు. నింపిన ప్రతి సిరంజినీ ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, వాసన లేదని తేలాకే నా చేతికిచ్చింది. నా ముప్పై మూడేళ్లలో నా పనిని అంత గట్టిగా తనిఖీ చేసిన అధికారి ఇంకొకరు లేరు. పొడిగా వచ్చే టీకాను దాని నీళ్లలో కలిపాక రెండు గంటల్లో వాడేయాలి. మేకలను పట్టుకోవడానికి గూడెమంతా పరుగెత్తింది. నా మేకలు మూడూ అందరి మేకల మధ్యలో నిలబడి సూది వేయించుకున్నాయి.

మరుసటి ఏడు తొలకరిలో నేను ఎదురుచూస్తున్నదీ, భయపడుతున్నదీ వచ్చింది. గూడెంలో ఒకాయన అంగడిలో నాలుగు మేకలు కొని, మాకు చెప్పకుండా, టీకా లేకుండానే మందలో కలిపేశాడు. మూడో రోజు వాటికి ముక్కులు కారాయి. కబురు అందగానే డాక్టరమ్మ, నేను పరుగెత్తాం. నాలుగింటినీ విడగొట్టి దూరంగా కట్టేయించాం గానీ, అప్పటికి మూడు రోజులు అవి అందరి మేకలతో ఒకే తొట్టిలో నీళ్లు తాగాయి. రోగం మందలోకి దిగిందా లేదా తెలియడానికి వారం పది రోజులు పడుతుంది.

ఆ పది రోజులు నేను రోజూ పొద్దున్నే థర్మామీటర్‌తో గూడెం పోయాను. ఒక్కో మేకకూ జ్వరం చూసి పేరు పక్కన రాసేవాణ్ని. అవును, అక్కడ ప్రతి మేకకూ పేరుంది. నాలుగో రోజున బాయి దగ్గరున్న నా మేకల్లో ఒకదానికి ఒళ్లు వెచ్చబడింది. బాయి దాని నోరు తెరిచి, పెదాలు తిప్పి, చిగుళ్లు వేలితో తడిమి చూసింది. పుండు లేదు. అది ఎండలో గుట్ట దిగి అప్పుడే వచ్చిందని, కాస్త నీడన నిలబెట్టి మళ్లీ చూడమని చెప్పింది. గంట తర్వాత చూస్తే మామూలు వేడి. నేను అప్పటిదాకా నిలబడే ఉన్నానని అప్పుడు గమనించాను.

అంగడి మేకల్లో మూడు చచ్చిపోయాయి. పక్క గూడేల్లో టీకా వేయించుకోనివాళ్ల మందల్లోనూ రోగం పాకింది. మా గూడెంలో ఐదో రోజు ఏమీ లేదు. ఏడో రోజు ఏమీ లేదు. పదో రోజు చివరి మేకకు కూడా జ్వరం లేదని రాసి కాగితం పటేల్ చేతిలో పెట్టాను. ఆయనకు చదువు రాదు, అయినా పై నుంచి కింది దాకా చూశాడు. ఒక్కటి కూడా పోలేదా అని అడిగాడు. ఒక్కటి కూడా పోలేదన్నాను. డాక్టరమ్మ ఎవరూ చూడట్లేదనుకుని కళ్లు తుడుచుకుంది. ఎవరో ఇంట్లోంచి డోలు తెచ్చారు. బాయి నా మేకల చెవులు పట్టుకుని ఊపుతూ వాటిని గోండిలో ఏదో అన్నది. తిట్టిందో మెచ్చిందో నేను అడగలేదు. ఉద్యోగంలో అంత సంతోషం నాకు మళ్లీ దొరకలేదు.

ఆ వారంలోనే రెండు పక్క గూడేల పటేళ్లు దవాఖానకొచ్చి, రోగం సోకని మందలకు ఉడకబెట్టిన సూది కావాలని అడిగారు. అదే వారంలో నేను పాత నివేదిక తప్పని, కరెంటు తప్పేమీ లేదని, టీకాను చంపింది నేనేనని రాసి పైకి పంపాను. సస్పెండ్ చేస్తారని మా అటెండర్ నాకు ముందే ఓదార్పు చెప్పడం మొదలుపెట్టాడు. రెండు నెలలకు జవాబొచ్చింది. బతికున్న టీకాలకు స్పిరిట్ వాడరాదని జిల్లాలోని దవాఖానలన్నిటికీ పంపిన సర్క్యులర్ అది. మన ఊరి అత్తగార్ల మాదిరిగా అందరినీ అన్నట్టు నన్నే అన్నది. ఆ కాగితాన్ని నా సర్వీసు పుస్తకంలో అంటించుకోమని ఎవరూ చెప్పలేదు. నేనే అంటించుకున్నాను.

తర్వాతి చలికాలానికి నాకు కరీంనగర్ బదిలీ అయింది. చెప్పిపోదామని గూడెం వెళ్లాను. మూడు మేకలూ ఈని, పిల్లలు గంతులు వేస్తున్నాయి. ఆరు పిల్లలు. బాయి చేను దున్ని ఉంది. ఆమె మూడు పిల్లలను ముందే వేరుచేసి తాడుతో కట్టి ఉంచింది. నా వాటా అంది. వాటితో పాటు తల్లులు కూడా నావేనంది. నేను అన్నీ ఆమెనే ఉంచుకోమన్నాను. నా వల్ల పదకొండు పోయాయి, ఇవన్నీ ఉంచుకున్నా లెక్క తీరదన్నాను. ఆమె మొహం ఎర్రబడింది. తల్లులను తన దగ్గరే ఉంచుకోవడానికి మాత్రం ఒప్పుకుంది, అదీ మళ్లీ పాలుకే. పిల్లల తాడు మాత్రం తెచ్చి నా చేతిలో పెట్టింది.

"మా మేకలు సచ్చిన్నాడు తప్పు నాదే అని నడీదిల నిలబడి ఒప్పుకుంటివి గద దాదా. బతికిన్నాడు ఎందుకు ఎన్కకు పోతున్నవు? ఇది గూడ నీదే. తీస్కపో."

బదిలీ అయినప్పుడు ఉద్యోగులకు శాలువాలు కప్పుతారు, పూలదండలు వేస్తారు. నేను జన్నారం మీదుగా పోయే బస్సులో ఒళ్లో ఒకటి, కాళ్ల దగ్గర రెండు మేకపిల్లలతో కూర్చున్నాను. అడవి దాటేదాకా మూడూ అరుస్తూనే ఉన్నాయి. వెనక సీటాయన విసుక్కుని ఎవరివయ్యా ఈ మేకలు అని గట్టిగా అడిగాడు. బస్సంతా వినబడేటట్టు, నావే అన్నాను.